నికాన్ డి90

నికాన్ డి90 జపాన్ దేశానికి చెందిన నికాన్ సంస్థ తయారుచేసిన డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమేరా. ఎస్.ఎల్.ఆర్. అనగా సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్. ఛాయాగ్రాహకుడు చూచే దృశ్యము, చిత్రంగా నమోదయ్యే దృశ్యము ఒకే లెన్సు గుండా వచ్చే కెమేరాలను ఈ పేరుతో పిలుస్తారు. 2008 ఆగష్టు 27న ప్రకటించబడిన ఈ కెమేరా, 2006లో వచ్చిన డి80 స్థానాన్ని భర్తీ చేసింది. వీడియో చిత్రీకరణ సౌకర్యం కలిగిన మొట్టమొదటి డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమేరాగా ఇది ప్రసిద్ధి చెందింది. 2010 సెప్టెంబరులో నికాన్ డి7000 అనే తరువాతి కెమేరాను ప్రకటించింది. డి90 తయారీ నిలిచిపోయినప్పటికీ, పాత కెమేరాగా కొని ఛాయాగ్రహణం నేర్చుకోవడానికి ఇది అనువైనది. ఇందులోని అమరికలు దాదాపు అన్ని డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమేరాలలోనూ ఉండే అమరికలే.

ముఖ్య వివరాలు

- సెన్సరు: సీమాస్ రకం, 23.6 × 15.8 మి.మీ.
- చిత్ర పరిమాణం: 4288 × 2848 పిక్సెళ్ళు (12.3 మెగాపిక్సెళ్ళు)
- లెన్సు బిగింపు: నికాన్ ఎఫ్ మౌంట్
- షట్టరు వేగం: 30 సెకండ్ల నుండి 1/4000 సెకండు వరకు, మరియు బల్బ్
- ఐ.ఎస్.ఓ.: 200 – 3200 (విస్తరించినపుడు 100 – 6400తో సమానం)
- ఫోకస్ బిందువులు: 11
- వరుస చిత్రాలు: సెకండుకు 4.5
- తెర: 3 అంగుళాలు, 9,20,000 చుక్కలు
- వీడియో: 1280 × 720, సెకండుకు 24 ఫ్రేములు
- మెమరీ కార్డు: ఎస్‌డి, ఎస్‌డిహెచ్‌సి
- బ్యాటరీ: ఇఎన్-ఇఎల్3ఇ
- పరిమాణం: 132 × 103 × 77 మి.మీ.
- బరువు: 620 గ్రాములు (బ్యాటరీ, కార్డు కాక)

నేపథ్యము

డి80లో 10.2 మెగాపిక్సెళ్ళ సీసీడీ సెన్సరు ఉండేది. 2007లో నికాన్ తన ఉన్నత శ్రేణి కెమేరాలైన డి3, డి300లలో సీమాస్ సెన్సరును వాడి, వెనుక తెరపై దృశ్యాన్ని ప్రత్యక్షంగా చూపే లైవ్ వ్యూ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఈ రెండింటినీ సుమారు 1,000 అమెరికన్ డాలర్ల ధరలో, ఔత్సాహికులకు అందుబాటులోకి తెచ్చిన కెమేరా డి90. సెన్సరు నుండి దృశ్యాన్ని నిరంతరంగా చదివి తెరపై చూపడం సాధ్యమైన తరువాత, అదే దృశ్యాన్ని కార్డులో నమోదు చేయడం తరువాతి మెట్టు అయ్యింది. వీడియో సౌకర్యం ఈ విధంగా లైవ్ వ్యూ నుండి పుట్టినదే.

నిర్మాణము, పనిచేసే విధానము

లెన్సు గుండా వచ్చిన కాంతి కెమేరా లోపల 45 డిగ్రీల కోణంలో వాలి ఉన్న అద్దంపై పడుతుంది. అద్దం ఆ కాంతిని పైకి పంపగా, అది ఫోకస్ తెరపై ప్రతిబింబంగా ఏర్పడి, పెంటాప్రిజం అనే గాజు పట్టకం గుండా వ్యూఫైండరును చేరుతుంది. పట్టకం వలన ఎడమ, కుడి తారుమారైన ప్రతిబింబం సరిగా కనిపిస్తుంది. ప్రధాన అద్దం వెనుకనున్న చిన్న అద్దం కొంత కాంతిని క్రిందనున్న ఫోకస్ సెన్సరుకు పంపుతుంది.

మీట నొక్కినప్పుడు అద్దం పైకి లేస్తుంది, లెన్సులోని అపెర్చరు నిర్ణీత పరిమాణానికి ముడుచుకుంటుంది, షట్టరు తెరలు కదిలి సెన్సరుపై కాంతి పడుతుంది. తరువాత అద్దం తిరిగి క్రిందికి దిగుతుంది. చిత్రం తీసే క్షణంలో వ్యూఫైండరు చీకటి కావడానికి ఇదే కారణం. అద్దం కదలిక వలన కలిగే స్వల్ప ప్రకంపనను తగ్గించడానికి, అద్దం లేచిన తరువాత సుమారు ఒక సెకండు ఆగి షట్టరును తెరిచే ఎక్స్‌పోజర్ డిలే అనే అమరిక ఉంది. ముక్కాలిపీటపై నిలిపి తీసే చిత్రాలకు ఇది ఉపయోగపడుతుంది.

వ్యూఫైండరు సుమారు 96 శాతం దృశ్యాన్ని చూపుతుంది. అందువలన వ్యూఫైండరులో కనిపించని వస్తువులు చిత్రపు అంచులలో కనిపించే అవకాశం ఉంది.

సెన్సరు

డి90లోని సెన్సరును నికాన్ డి.ఎక్స్. పరిమాణం అని పిలుస్తుంది. ఇది 36 × 24 మి.మీ. పరిమాణం గల 35 మి.మీ. ఫిల్ము కంటే చిన్నది. ఈ తేడా వలన ఏ లెన్సు అయినా ఫిల్ము కెమేరాపై కంటే ఇరుకైన దృశ్యాన్ని చూపుతుంది. ఉదాహరణకు 50 మి.మీ. లెన్సు దీనిపై, ఫిల్ము కెమేరాపై 75 మి.మీ. లెన్సు చూపేటంత దృశ్యాన్నే చూపుతుంది. ఈ 1.5 రెట్ల నిష్పత్తిని క్రాప్ ఫ్యాక్టర్ అంటారు. లెన్సు నాభ్యంతరం మారదు, కనిపించే దృశ్యపు వెడల్పు మాత్రమే తగ్గుతుంది.

సెన్సరుపై చేరే ధూళిని తొలగించడానికి, దాని ముందున్న పలుచని ఫిల్టరును అతి వేగంగా కంపింపజేసే ఏర్పాటు ఉంది. తడితో అంటుకున్న ధూళి దీనితో పోదు.

ఎక్స్‌పోజరు అమరికలు

చిత్రానికి కావలసిన వెలుగును మూడు అమరికలు నిర్ణయిస్తాయి: అపెర్చరు, షట్టరు వేగం, ఐ.ఎస్.ఓ. ఈ మూడింటిలో దేనిని మార్చినా వెలుగుతో పాటు చిత్రంలో మరొక గుణం కూడా మారుతుంది. కాబట్టి ఎక్స్‌పోజరును ఎంచుకోవడమంటే ఒక గుణం కోసం మరొకదానిని వదులుకోవడమే.

అపెర్చరు లెన్సులో కాంతి ప్రవేశించే రంధ్రం. దీనిని ఎఫ్ సంఖ్యతో సూచిస్తారు. నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగించగా వచ్చేది ఎఫ్ సంఖ్య. కనుక సంఖ్య పెరిగినకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్/2.8, 4, 5.6, 8, 11, 16 అనే వరుసలో ఒక్కొక్క మెట్టుకు కాంతి సగమవుతుంది. ఈ మెట్టును స్టాప్ అంటారు. రంధ్రం పెద్దదైనప్పుడు ఫోకస్ చేసిన వస్తువు మాత్రమే స్పష్టంగా ఉండి, వెనుకభాగం మసకబారుతుంది. చిన్నదైనప్పుడు దగ్గరి నుండి దూరం వరకు ఎక్కువ భాగం స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఎఫ్/16, ఎఫ్/22 వంటి విలువల వద్ద కాంతి వివర్తనం వలన చిత్రమంతా కొద్దిగా మెత్తబడుతుంది.

షట్టరు వేగం సెన్సరుపై కాంతి పడే కాలం. పరుగెత్తే ఆటగాడిని నిలిపి చూపడానికి 1/500 సెకండు లేదా అంతకంటే తక్కువ కాలం కావాలి. జలపాతపు నీటిని పాలధారలా చూపడానికి 1/4 సెకండు కంటే ఎక్కువ కాలం వాడతారు. చేతితో పట్టుకుని తీసేటప్పుడు, డి90పై 50 మి.మీ. లెన్సుకు సుమారు 1/75 సెకండు, 200 మి.మీ. లెన్సుకు 1/300 సెకండు కంటే నిదానమైతే చేతి వణుకు చిత్రంలో కనిపించవచ్చు. వి.ఆర్. అనే అక్షరాలున్న నికాన్ లెన్సులు ఈ వణుకును కొంతవరకు సరిచేస్తాయి. అయితే ఎదుటి వ్యక్తి కదలికను ఇవి ఆపలేవు.

ఐ.ఎస్.ఓ. సెన్సరు నుండి వచ్చే సంకేతాన్ని ఎంత పెంచాలో నిర్ణయిస్తుంది. డి90 యొక్క కనిష్ఠ సహజ విలువ 200. దానికంటే క్రింద, 100తో సమానమైన లో 1.0 అనే అమరిక ఉన్నా, అందులో తెల్లని భాగాల వివరాలు త్వరగా నశిస్తాయి. 800 వరకు చిత్రాలు శుభ్రంగా ఉంటాయి. 1600 వద్ద నాయిస్ అనబడే గరుకుదనం కనిపించడం మొదలై, 3200 వద్ద స్పష్టమవుతుంది. హై 1.0 అనే 6400 విలువను వేరే దారి లేనప్పుడే వాడటం మేలు.

ఈ మూడింటి సంబంధాన్ని ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. మేఘాలు కమ్మిన పగటివేళ ఐ.ఎస్.ఓ. 200, ఎఫ్/8, 1/250 సెకండు వద్ద చిత్రం సరిగా వచ్చిందనుకొంటే, ఎఫ్/5.6, 1/500 వద్ద కూడా అంతే వెలుగు వస్తుంది. ఎఫ్/4, 1/1000 వద్ద కూడా అంతే. వెలుగు మారదు, వెనుకభాగపు స్పష్టత మారుతుంది. రాత్రి ఇంటిలో ఐ.ఎస్.ఓ. 200, ఎఫ్/4 వద్ద 1/15 సెకండు అవసరమైతే చేతి వణుకు తప్పదు. ఐ.ఎస్.ఓ.ను మూడు స్టాపులు పెంచి 1600 చేస్తే 1/125 సెకండు సరిపోతుంది. దానికి చెల్లించే మూల్యం గరుకుదనం. వణుకుతో చెడిన చిత్రాన్ని తరువాత సరిచేయడం కష్టం, గరుకుదనాన్ని కొంతవరకు తగ్గించవచ్చు. కాబట్టి ఇటువంటి చోట ఐ.ఎస్.ఓ. పెంచడమే ఉత్తమం.

మోడ్ చక్రము

కెమేరా పైభాగాన ఎడమవైపు ఉన్న చక్రంపై ఈ క్రింది పద్ధతులు ఉన్నాయి.

- పి: అపెర్చరు, షట్టరు వేగం రెండింటినీ కెమేరా ఎంచుకుంటుంది. చక్రాన్ని తిప్పి అదే వెలుగునిచ్చే మరొక జంటను ఎంచుకోవచ్చు.
- ఎస్: షట్టరు వేగాన్ని వాడుకరి, అపెర్చరును కెమేరా నిర్ణయిస్తాయి. ఆటలకు, వాహనాలకు అనుకూలం.
- ఎ: అపెర్చరును వాడుకరి, షట్టరు వేగాన్ని కెమేరా నిర్ణయిస్తాయి. వ్యక్తుల చిత్రాలకు, ప్రకృతి దృశ్యాలకు అనుకూలం.
- ఎం: రెండింటినీ వాడుకరే నిర్ణయించాలి. బాణసంచా, రాత్రి ఆకాశం, స్టూడియో దీపాల క్రింద తీసే చిత్రాలకు అవసరం.
- ఆటో, ఫ్లాష్ లేని ఆటో, మరియు వ్యక్తి, ప్రకృతి దృశ్యం, దగ్గరి వస్తువు, ఆటలు, రాత్రివేళ వ్యక్తి అనే ఐదు సన్నివేశ పద్ధతులు.

ఆటో ఐ.ఎస్.ఓ. అమరికలో గరిష్ఠ ఐ.ఎస్.ఓ. విలువను, అంతకంటే నిదానం కాకూడని షట్టరు వేగాన్ని ముందుగా చెప్పవచ్చు. వెలుగు తగ్గినపుడు కెమేరా ఆ హద్దులలోనే ఐ.ఎస్.ఓ.ను పెంచుతుంది.

కాంతిని కొలిచే పద్ధతులు

డి90 కాంతిని 420 పిక్సెళ్ళ రంగుల సెన్సరుతో కొలుస్తుంది. మ్యాట్రిక్స్ పద్ధతి మొత్తం దృశ్యాన్ని పరిశీలిస్తుంది. సెంటర్ వెయిటెడ్ పద్ధతి మధ్య భాగానికి ఎక్కువ ప్రాధాన్యమిస్తుంది. స్పాట్ పద్ధతి ఎంచుకున్న ఫోకస్ బిందువు చుట్టూ 3.5 మి.మీ. వృత్తాన్ని మాత్రమే కొలుస్తుంది.

ఏ పద్ధతి అయినా ఎదుటి వస్తువు సహజంగా తెల్లనిదో నల్లనిదో కచ్చితంగా తెలుసుకోలేదు. తాను కొలిచిన భాగాన్ని మధ్యస్థ వెలుగుకు చేర్చడానికే ప్రయత్నిస్తుంది. అందువలన చిత్రం నిండా తెల్లని గోడ ఉంటే అది బూడిదరంగుగా, నల్లరాతి విగ్రహం ఉంటే అది వెలిసినట్లుగా రావచ్చు. మొదటిదానికి ఎక్స్‌పోజరు సవరణను +1 వైపు, రెండవదానికి –1 వైపు మార్చాలి. డి90లో ఈ సవరణ ±5 స్టాపుల వరకు చేయవచ్చు. చిత్రం తీసిన తరువాత తెరపై హిస్టోగ్రాం చూచి వెలుగు సరిపోయినదీ లేనిదీ తెలుసుకోవచ్చు.

ఫోకస్

వ్యూఫైండరు ద్వారా తీసేటప్పుడు డి90 ఫేజ్ డిటెక్షన్ పద్ధతిని వాడుతుంది. లెన్సు యొక్క రెండు వైపుల నుండి వచ్చిన కాంతిని పోల్చి, లెన్సును ఏ దిశలో ఎంత కదపాలో ఒకేసారి లెక్కిస్తుంది కనుక ఇది వేగవంతమైనది. 11 బిందువులలో మధ్యనున్నది మాత్రమే అడ్డ, నిలువు గీతలను రెండింటినీ గుర్తించే క్రాస్ రకం. మసక వెలుగులో మధ్య బిందువును వాడితే ఫోకస్ నమ్మకంగా కుదురుతుంది.

కదలని వస్తువులకు ఏ.ఎఫ్.-ఎస్, కదిలే వస్తువులకు ఏ.ఎఫ్.-సి వాడతారు. ఏ.ఎఫ్.-ఎ లో ఈ ఎంపికను కెమేరాయే చేస్తుంది. బిందువుల ఎంపికకు సింగిల్ పాయింట్, డైనమిక్ ఏరియా, ఆటో ఏరియా, 3డి ట్రాకింగ్ అనే నాలుగు పద్ధతులున్నాయి. ఆటో ఏరియాలో కెమేరా తరచుగా అందరికంటే దగ్గరగా ఉన్న వస్తువును ఎంచుకుంటుంది. అందుచేత వ్యక్తుల చిత్రాలలో సింగిల్ పాయింట్ ఎంచుకుని కంటిపై ఫోకస్ చేయడం మంచిది.

రంగులు, ఫైళ్ళు

దీపాలను బట్టి కాంతి రంగు మారుతుంది. పాత బల్బు కాంతి పసుపుగాను, నీడలోని కాంతి నీలంగాను ఉంటుంది. తెల్లని వస్తువు తెల్లగా కనిపించేలా చేసే సవరణే వైట్ బ్యాలెన్స్. దీనిని ఆటోలో ఉంచవచ్చు, దీపపు రకాన్ని ఎంచుకోవచ్చు, 2500 నుండి 10000 కెల్విన్ల వరకు విలువను ఇవ్వవచ్చు, లేదా తెల్లని కాగితాన్ని చూపి కొలవవచ్చు. చిత్రపు పదును, కాంట్రాస్టు, రంగుల గాఢతలను పిక్చర్ కంట్రోల్ ద్వారా మార్చవచ్చు. ఎండలో నీడ భాగాలు మరీ నల్లబడకుండా యాక్టివ్ డి-లైటింగ్ సహాయపడుతుంది.

చిత్రాలు జేపెగ్ లేదా ఎన్.ఇ.ఎఫ్. రూపంలో భద్రమవుతాయి. జేపెగ్‌లో పై సవరణలన్నీ చిత్రంలో కలిసిపోతాయి. ఎన్.ఇ.ఎఫ్. నికాన్ యొక్క రా ఫైలు. ఇందులో సెన్సరు ఇచ్చిన సమాచారం 12 బిట్లలో భద్రమవుతుంది కనుక వైట్ బ్యాలెన్సును తరువాత కంప్యూటరులో మార్చుకోవచ్చు. దీని పరిమాణం సుమారు 10 – 11 మెగాబైట్లు. పెళ్ళి మండపం వంటి పలురకాల దీపాలున్న చోట రా ఫైలు ఎంతో మేలు చేస్తుంది.

ఫ్లాష్

కెమేరాపై లేచి నిలిచే ఫ్లాష్ యొక్క గైడ్ నంబరు ఐ.ఎస్.ఓ. 200 వద్ద 17 మీటర్లు. అనగా ఎఫ్/5.6 వద్ద దాని వెలుగు సుమారు 3 మీటర్ల వరకే సరిపోతుంది. పెద్ద సభామందిరంలో వెనుక వరుస నుండి వేదికపైకి ఈ ఫ్లాష్ వేయడం వలన ప్రయోజనం లేదు. ఫ్లాష్‌తో వాడదగిన అత్యధిక సాధారణ షట్టరు వేగం 1/200 సెకండు. కమాండర్ పద్ధతిలో ఈ చిన్న ఫ్లాష్ దూరంగా ఉంచిన నికాన్ ఫ్లాష్‌లను తీగలు లేకుండానే వెలిగించగలదు. చవకైన డి40, డి60లలో ఈ సౌకర్యం లేదు.

లెన్సులు

డి90తో పాటు 18-105 మి.మీ. ఎఫ్/3.5-5.6 వి.ఆర్. లెన్సు విడుదలైంది. డి90 లోపల ఫోకస్ మోటారు ఉన్నందున, సొంత మోటారు లేని పాత ఏ.ఎఫ్., ఏ.ఎఫ్.-డి లెన్సులు కూడా దీనిపై ఆటోఫోకస్ చేస్తాయి. డి40, డి60లపై అవే లెన్సులను చేతితో ఫోకస్ చేయాలి. పాత ఏ.ఐ. రకపు మాన్యువల్ లెన్సులను బిగించవచ్చు కాని కాంతిని కెమేరా కొలవదు. ఎం పద్ధతిలోనే వాడాలి. 1977కు ముందునాటి మార్పు చేయని ఏ.ఐ. పూర్వ లెన్సులను బిగిస్తే కెమేరా దెబ్బతినే ప్రమాదం ఉంది.

లైవ్ వ్యూ, వీడియో

లైవ్ వ్యూ మీట నొక్కగానే అద్దం పైకి లేచి, దృశ్యం వెనుక తెరపై కనిపిస్తుంది. అప్పుడు ఫోకస్ సెన్సరుకు కాంతి అందదు కనుక కెమేరా కాంట్రాస్ట్ డిటెక్షన్ పద్ధతిని ఆశ్రయిస్తుంది. లెన్సును ముందుకు వెనుకకు కదిపి, చిత్రం ఎక్కడ అత్యంత స్పష్టంగా ఉందో వెదకడం ఈ పద్ధతి. ఇది కచ్చితమైనదే కాని నిదానమైనది. ముఖాలను గుర్తించి ఫోకస్ చేసే సౌకర్యం కూడా ఉంది.

ఓ.కె. మీట నొక్కితే వీడియో మొదలవుతుంది. మోషన్ జేపెగ్ పద్ధతిలో ఏ.వి.ఐ. ఫైలుగా భద్రమవుతుంది. పెద్ద సెన్సరు, మార్చుకోగల లెన్సుల వలన, ఆనాటి గృహ వీడియో కెమేరాలలో దొరకని మసక నేపథ్యం, మంద కాంతిలో స్పష్టత లభించాయి. అయితే దీని పరిమితులు అనేకం.

- 1280 × 720 వద్ద ఒక వీడియో నిడివి 5 నిమిషాలకు మించదు. చిన్న పరిమాణాలలో 20 నిమిషాలు.
- నమోదు జరుగుతుండగా ఆటోఫోకస్ పనిచేయదు. చేతితో ఫోకస్ చేయాలి.
- షట్టరు వేగం, ఐ.ఎస్.ఓ.లను కెమేరాయే నిర్ణయిస్తుంది. ఎక్స్‌పోజరు మారకుండా ఏ.ఇ.-ఎల్ మీటతో నిలపవచ్చు.
- శబ్దం మోనో మాత్రమే. బయటి మైకు పెట్టుకునే వీలు లేదు.
- సెన్సరు పై వరుస నుండి క్రింది వరుస వరకు క్రమంగా చదవబడుతుంది. కెమేరాను వేగంగా పక్కకు తిప్పినపుడు స్తంభాలు, గోడలు వాలినట్లు కనిపించడానికి ఇదే కారణం. దీనిని రోలింగ్ షట్టర్ అంటారు.

పాత కెమేరాగా కొనేవారు గమనించవలసినవి

డి90 షట్టరును నికాన్ 1,00,000 సార్ల వరకు పరీక్షించింది. ఇది హామీ కాదు, ఒక అంచనా మాత్రమే. చిత్రపు ఎక్సిఫ్ సమాచారం నుండి షట్టరు ఎన్నిసార్లు పనిచేసిందో తెలిపే ఉపకరణాలు లభిస్తాయి. ఎఫ్/16 వద్ద తెల్లని గోడను చిత్రీకరించి చూస్తే సెన్సరుపై ధూళి మచ్చలు తెలుస్తాయి. లోపలి ఫోకస్ మోటారును పరీక్షించడానికి సొంత మోటారు లేని ఏ.ఎఫ్.-డి లెన్సును బిగించి చూడాలి. కొత్త బ్యాటరీతో, ప్రామాణిక పరీక్షలో 850 చిత్రాలు తీయవచ్చని నికాన్ పేర్కొంది. పాతబడిన బ్యాటరీలో ఈ సంఖ్య చాలా తగ్గుతుంది.

ప్రభావము

డి90 ప్రకటన వెలువడిన మూడు వారాలకు, 2008 సెప్టెంబరు 17న, కెనాన్ సంస్థ 5డి మార్క్ 2ను ప్రకటించింది. 1920 × 1080 పరిమాణం, ఫిల్ముతో సమానమైన సెన్సరు కలిగిన ఆ కెమేరా వృత్తి చిత్రీకరణలో స్థానం సంపాదించింది. 2010లో అమెరికన్ టెలివిజన్ ధారావాహిక హౌస్ యొక్క ఒక భాగాన్ని దానితో తీశారు. తెలుగులో రాంగోపాల్ వర్మ 2011లో విడుదలైన దొంగల ముఠా చిత్రాన్ని కెనాన్ 5డి కెమేరాలతో ఐదు రోజులలో చిత్రీకరించారు. వీడియోలో మొదటిది డి90 అయినా, సినిమా రంగంలో పేరు పొందినది కెనాన్ కెమేరా.

డి90 పరిమితులలో ముఖ్యమైనది నిర్మాణంలోనే ఉంది. ఎస్.ఎల్.ఆర్. కెమేరాకు వేగాన్నిచ్చేది అద్దం. వీడియో తీయాలంటే ఆ అద్దాన్నే ప్రక్కకు తప్పించాలి. అప్పుడు వ్యూఫైండరు, వేగవంతమైన ఫోకస్ రెండూ పోతాయి. తరువాతి కాలంలో సెన్సరుపైనే ఫేజ్ డిటెక్షన్ బిందువులను అమర్చడం సాధ్యమై, అద్దం లేని మిర్రర్‌లెస్ కెమేరాలు వృద్ధి చెందాయి. నికాన్ 2018లో జడ్ 6, జడ్ 7 అనే పెద్ద సెన్సరు గల మిర్రర్‌లెస్ కెమేరాలను ప్రకటించింది. వాటిలో అద్దం లేకపోయినా అపెర్చరు, షట్టరు వేగం, ఐ.ఎస్.ఓ. అనే మూడు అమరికలు, పి, ఎస్, ఎ, ఎం పద్ధతులు అలాగే కొనసాగాయి.

ఇవి కూడా చూడండి

- ఛాయాగ్రహణము
- డిజిటల్ కెమేరా
- కటకము
- అపెర్చరు
- షట్టరు వేగము
- మిర్రర్‌లెస్ కెమేరా